గురి తప్పే తుపాకీ

హార్లన్ తాత తుపాకుల రిపేరు షాపులో బల్ల మీద నాన్న తుపాకీ పెట్టాను. మూతిలోంచి మందు కూరి పేల్చే రకం అది.

"గురి తప్పుతోంది తాతా. నాలుగేళ్లుగా నాన్నకి ఒక్క జింకా పడలేదు. జనవరి వేట సీజనుకి వచ్చేస్తానన్నాడు. ఈలోగా బాగుచేసి పెట్టాలి."

"మీ నాన్న ఇల్లు వదిలి ఎన్నాళ్లయింది?"

"జూన్‌లో వెళ్లాడు."

తాత గొట్టంలోకి ఊచ దించి, లోపల మందు లేదని తేల్చుకున్నాడు. తర్వాత గొట్టం వెనక చివరను మూసే మర తిప్పాడు. అది వేళ్లతోనే ఊడొచ్చింది. గొట్టంలోంచి కిటికీ వైపు చూశాడు.

"బాగా నాసిరకమా?" అన్నాను.

"నాసిరకమా? అద్దంలా ఉందిరా! ఈ ఏడాది నా చేతికి ఇంత మంచిది రాలేదు." మర నా ముందు పెట్టాడు. దాని చుట్లలో పచ్చటి గ్రీజు అలాగే ఉంది. "ఇది ఫ్యాక్టరీలో పూసింది. ఒక్కసారి పేల్చినా నల్లబడిపోతుంది. దీన్ని ఎవరూ పేల్చలేదు అబ్బాయ్."

"కానీ నాన్న ప్రతి శనివారం గురి సరిచూసుకోవాలని దీన్ని పట్టుకునే వెళ్లేవాడు."

తాత మర బిగించి తుపాకీ నా వైపు జరిపాడు.

బయట ట్రక్కులో అమ్మ ఉంది. "ఏమన్నాడు?"

"పాడైపోయిందట. గురి తప్పుతుందట."

అమ్మ బండి స్టార్టు చేసింది. "ఆ మందు పేలిస్తే చొక్కా కుళ్లిన గుడ్ల కంపు కొడుతుందిరా. ఈసారైనా ఆ కంపు కొడుతుందేమోనని ప్రతి శనివారం మీ నాన్న చొక్కా ఉతికేముందు వాసన చూసేదాన్ని."