నారింజ మీట

వెర్నా ముందున్న తెర ఎర్రగా వెలిగింది. ఎవరో రేడియోకున్న నారింజ రంగు మీట నొక్కారు.

పోలీసైనా, ఫైరువాళ్లయినా, అంబులెన్సువాళ్లయినా ప్రాణం మీదికొస్తే తప్ప ఆ మీట ముట్టుకోరు. నొక్కాక నోరు విప్పక్కర్లేదు. చుట్టుపక్కల చప్పుడంతా రేడియో తనంతట తనే పంపిస్తుంది.

చప్పుడు వచ్చింది. ధబ్. ధబ్. గాజేదో భళ్లున పగిలింది. గుడ్డల మూటలోంచి వచ్చినట్టు ఓ మగ గొంతు. "చంపేస్తా. ఇవాళ నిన్ను వదిలేదే లేదు." ఆ వెంటనే ఎండుకట్టె విరిగినట్టు ఫెళ్లుమంది. అది కట్టె కాదని వెర్నాకు తెలుసు.

తెర మీద పేరు పడింది. డిప్యూటీ లైల్ స్ట్రామ్, బ్రెనన్ కౌంటీ. చోటు, అతని సొంత ఇల్లు.

వెర్నా కూర్చున్నది అమెరికాలోని మోంటానా రాష్ట్ర రాజధానిలో, ఆపద పిలుపులు అందుకునే గదిలో. మొన్నటిదాకా అయితే ఈ పిలుపు ఆమె చెవిన పడేదే కాదు. ఒక్కో కౌంటీది, అంటే ఒక్కో జిల్లాది, ఒక్కో రేడియో. ఒకడి కేక పక్కవాడికి వినపడి చచ్చేది కాదు. ఇప్పుడు కొండకో టవరు లేచింది. రాష్ట్రమంతటికీ ఒకటే రేడియో. బ్రెనన్ కొండ మీద, చర్మం కోసే గాలిలో, నడుముకు తాడు కట్టుకుని టవరెక్కి తీగలు బిగించినవాళ్లలో లైల్ కూడా ఉన్నాడు.

"లైల్, వింటున్నావా?"

మళ్లీ ధబ్.

"డిప్యూటీని కొట్టి చంపుతున్నారు," అందరికీ వినపడేలా చెప్పింది వెర్నా. "దగ్గర్లో ఎవరున్నా సరే, వెళ్లండి."

వెంటనే లైల్ పై అధికారి, కౌంటీ పోలీసు పెద్ద షెరీఫ్ కోల్టర్ అందుకున్నాడు. "ఎవరూ కదలక్కర్లేదు. ఆ మీట ఊరికే ఒత్తుకుంటుంది. లైల్ రేడియోతో మాకిది మామూలే."

"ఊరికే ఒత్తుకుంటే ఎముక విరిగిన చప్పుడొస్తుందా, షెరీఫ్?"

"నా కౌంటీ. నా మనిషి. మేం చూసుకుంటాం. ఈ ఉమ్మడి రేడియో వద్దని మొత్తుకుంది ఇందుకే. మా వంటింట్లో చెంచా కిందపడితే రాష్ట్రమంతా పరిగెత్తుకు రావాలా?"

ఆ మాట కొత్తది కాదు. కౌంటీ కమిషనర్ల మీటింగులో బల్ల గుద్ది మరీ అదే అన్నాడు. అక్కడ ఓట్లేస్తే అతని మాట ఓడిపోయింది. ఆ మంట ఇంకా చల్లారలేదు కాబోలు అనుకున్నారు విన్నవాళ్లు.

"నేను దగ్గర్లోనే ఉన్నా," అంది ఇంకో గొంతు.

మార్లిస్ హాగెన్. వన్యప్రాణి శాఖ ఆఫీసరు. లైల్ ఇంటి వెనక వాగు ఒడ్డున వేటగాళ్ల లైసెన్సులు చూస్తోంది.

"అమ్మాయ్, నువ్వెళ్లి నీ జింకల్ని లెక్కపెట్టుకో. ఇది నా ఆర్డరు."

"నేను మీ జీతగత్తెను కాను, షెరీఫ్. ఆర్డర్లు మీవాళ్లకిచ్చుకోండి."

మార్లిస్ బండి మంచులో అడ్డంగా జారుతూ వాగు దాటింది. రేడియోలో దెబ్బలు పడుతూనే ఉన్నాయి. మధ్యమధ్య మూలుగు. కాసేపటికి మూలుగు కూడా ఆగిపోయింది.

"త్వరగా, మార్లిస్," అంది వెర్నా. "మనిషి చేజారిపోయేలా ఉన్నాడు."

ఇంటి మెట్ల మీద మంచు ఎర్రబడి ఉంది. పారిపోబోయిన ఒంటిని లోపలికి ఈడ్చుకెళ్లినట్టు గడప దాకా నెత్తుటి చార.

"లైల్! నేను మార్లిస్‌ని! కాస్త ఓర్చుకో!" అని అరిచి తలుపు తన్నింది.

వంటగది నిండా గాజుపెంకులు. పొయ్యి పక్కన నేల మీద బోర్లా ముడుచుకున్న ఒళ్లు. తల నెత్తుటి ముద్ద. దాని మీద, వాకిలికి వీపు పెట్టి, చెమటకు తడిసిన బనీనుతో ఒకడు. రెండు చేతులా ఇనుప కడ్డీ ఎత్తి ఉన్నాడు.

"పడెయ్!"

వాడు వెనక్కి తిరగలేదు. కడ్డీ దిగింది. ఆ దెబ్బ వంటగదిలోనూ రేడియోలోనూ ఒక్కసారే వినపడింది. కడ్డీ మళ్లీ లేచింది.

మార్లిస్ కాల్చింది.

వాడి భుజం చీలింది. కడ్డీ గోడకు తగిలి ఖంగుమంది. వాడు బల్లను మీదికి లాక్కుంటూ బోర్లా కూలాడు. మార్లిస్ వాడి వీపు మీద మోకాలు ఆనించి సంకెళ్లు బిగించింది. నేల మీది ఒంటి మెడ కింద వేళ్లు పెట్టి చూసింది. నాడి ఉంది. సన్నగా కొట్టుకుంటోంది.

"మార్లిస్!" వెర్నా కేకేసింది. "లైల్ బతికే ఉన్నాడా?"

రాష్ట్రం నలుమూలలా ఫైరు బండ్లలో, అంబులెన్సుల్లో, పోలీసు కార్లలో జనం రేడియోల శబ్దం పెంచారు.

"ఇక్కడ చెప్పకు," షెరీఫ్ గొంతులో ఇప్పుడు ఆర్డరు లేదు. "మార్లిస్, దణ్ణం పెడతా. నాకు ఫోన్ చెయ్."

ఆమె సంకెళ్లవాణ్ణి బూటుతో వెల్లకిలా తిప్పి, మొహం చూసి, రాష్ట్రమంతా వినేలా చెప్పింది: "బతికే ఉన్నాడు, నేను కాల్చింది లైల్‌నే, మీట నొక్కింది వాడి పెళ్లాం."