లేత నీలం

"మళ్ళీ సున్నాయేనా?" అన్నారు సారు, కళ్ళజోడు పైకి తోసుకుంటూ.

అమ్మాయి తలూపింది. సారు కనిపెట్టిన మందు వేసిన గిన్నెలోనూ, ఉత్త ఉప్పునీళ్ళు వేసిన గిన్నెలోనూ కేన్సర్ కణాలు ఇంచుమించు ఒకే లెక్కన చచ్చాయట. అంటే మందుకీ నీళ్ళకీ తేడా సున్నా. ఎన్నిసార్లు చేయించినా అంతే. ల్యాబ్ మొత్తం ఆమెని 'సున్నాగారు' అని పిలవడం మొదలెట్టి చాలా కాలమైంది.

సారుకి జాలేసింది. ఆయన నడిపే శిక్షణ అలాంటివాళ్ళ కోసమే మరి. ఇంట్లో ఎవరూ కాలేజీ మొహం చూడని డిగ్రీ పిల్లల్ని ఏరి తెచ్చి, తెల్ల కోట్లు తొడిగి, వైద్య పరిశోధకుల్ని చేసెయ్యడం. కోట్లు బాగానే అతికాయి. బుర్రలే, పాపం.

వాళ్ళలో ఆణిముత్యం ఒక్కడున్నాడు. సారు మేనల్లుడు. వాడింట్లో అందరూ డాక్టర్లే. కానీ పరిశోధన చేసినవాళ్ళు ఒక్కరూ లేరు కాబట్టి, ఆ లెక్కన వాడూ వెనకబడినవాడేనని సారు తేల్చేశారు.

శిక్షణ అయ్యాక ఒక్కరికే ల్యాబ్‌లో సీటు, జీతంతో సహా. అది రాకపోతే అమ్మాయి వెనక్కెళ్ళి పిన్ని కుట్టుమిషన్ ముందు కూర్చోవాలి. ఆ సంగతి సారుకి తెలుసు. కుట్టుపని మాత్రం తక్కువదా అని ఆయనే ముందుగా ఓదార్చి ఉంచారు.

"లేత నీలంవి లెక్కెయ్యట్లేదమ్మా నువ్వు," అన్నారిప్పుడు.

గిన్నెలో రంగు చుక్క వేస్తే చచ్చిన కణం నీలంగా మారుతుంది. ఏ గిన్నెలోనైనా కొన్ని వాటంతటవే చస్తూనే ఉంటాయి. ఎందులో ఎక్కువ చచ్చాయో మైక్రోస్కోపులో చూసి లెక్కపెట్టాలి. అంతే పని.

"రెండిట్లోనూ లెక్కేశాను సార్. పోనీ పేర్లు కనపడకుండా చూద్దామా? ఏది మందో చూసేవాళ్ళకి తెలియకూడదని, కళ్ళు మనసు చెప్పిందే చూస్తాయని మొదటిరోజు మీరే చెప్పారు కదా."

సారు నవ్వారు. అది పాఠం. పాఠాలుండేది చెప్పడానికి. ఆడలేక మద్దెల ఓడన్నవాళ్ళని ఆయన చాలామందినే చూశారు.

ఇంతలో డబ్బిచ్చే సంస్థ నుంచి మేడమ్ తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. ఇక సున్నాలతో ఆటలేంటి? ప్రయోగం మేనల్లుడికి అప్పజెప్పారు. కొత్త మందు సీసా అమ్మాయి చేతికిచ్చి, ట్యూబులు నింపే చాకిరీ ఆమెకి పడేశారు. ఆమె నింపింది. ఒకదాని మీద 'మందు', ఇంకోదాని మీద 'నీళ్ళు' అని కాగితం ముక్కలు అంటించింది.

"ఇదైనా తిన్నగా చేశావా సున్నా?" అన్నాడు మేనల్లుడు. ఆ ట్యూబులు చెరో గిన్నెలో ఒంపేసి సినిమాకి చెక్కేశాడు.

మర్నాడు మేడమ్ ముందు వాడు మైక్రోస్కోపు మీద వాలాడు. 'నీళ్ళు' గిన్నెలో నీలం కణాలు అక్కడొకటి ఇక్కడొకటి కనిపించాయి. లేత నీలంవి ఉత్త నీడలని వదిలేశాడు. 'మందు' గిన్నె పెట్టగానే వాడి గొంతే మారిపోయింది.

"మావయ్యా, కుప్పలు తెప్పలుగా చచ్చాయి."

సారు వంగి, కళ్ళలో వత్తులేసుకుని చూశారు. నిజమే. లేత నీలం, ముదురు నీలం, ఎటు చూసినా నీలమే. మేడమ్ కూడా చూసి, తేడా కొట్టొచ్చినట్టుందని మెచ్చుకున్నారు.

"పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు కదండీ," అన్నారు సారు. "ఆ సీటు వీడికే. చూసే కన్ను కొందరికి పుట్టుకతో వస్తుంది."

తర్వాత, పెద్దమనసు కదా, మూలన నిలబడ్డ అమ్మాయి వైపు చెయ్యూపారు.

"రామ్మా. ఇన్నాళ్ళూ ఇక్కడ ఏం నేర్చుకున్నావో నువ్వూ మేడమ్‌గారికి ఓ ముక్క చెప్పు."

అమ్మాయి ఐసు డబ్బాలోంచి మందు సీసా తీసి మేడమ్ ముందు పెట్టింది.

"మొదటిరోజు పాఠం నేర్చుకున్నానండీ," అంది, "రెండు ట్యూబుల్లోనూ నేను పోసింది ఉప్పునీళ్ళే, ఈ సీసాకి సీలు కూడా తియ్యలేదు."