బొల్లారం బండి

“మల్కాజిగిరి కాడ్నే ఆగిండ్రేంది? ఇంక జెర పైకి,” అంది ప్రేమమణి.

“బండిల బొగ్గు అయిపోయింది,” అన్నాడు జకర్యా, ఎడమచేతి వేళ్ళను గోడ మీద అక్కడే ఆనించి.

ప్రేమమణికి ఒళ్ళు మండింది. పొయ్యి మీద నీళ్ళు మరుగుతుంటే పొద్దున్నే మొగుడితో రోజూ ఇదే తంతు. జకర్యా రైల్వేలో గార్డు. పోలీసు యాక్షన్ రోజుల్లో బ్రేకు చక్రం తిప్పీ తిప్పీ ఆయన ఎడమ భుజం పట్టేసిందట. గోడ మీద వేళ్ళు పాకిస్తూ చెయ్యి కొంచెం కొంచెం పైకి తీసుకుపొమ్మని రైల్వే డాక్టరు చెప్పాడట. క్రిస్మస్ లోపల అది చెవి దాకా లేవకపోతే కొత్తగా వచ్చిన ఆఫీసర్లు ఇంటికి పంపించేస్తారట. అంత ముప్పు నెత్తిన ఉన్నా ఆ మనిషికి చీమ కుట్టినట్టయినా లేదు.

ఊరికే ఎత్తమంటే ఎత్తడు, ఆట కావాలంటాడు. ముదురు వయసులో ఈ ముచ్చటేమిటో అని విసుక్కుంటూనే ఆమె బొగ్గుముక్కతో గోడ మీద గీతలు గీసింది. నడుము దగ్గర సికింద్రాబాదు, ఆపైన మల్కాజిగిరి, భుజం దాటాక అల్వాల్, తలపైన బొల్లారం. వేళ్ళే బండి. అల్వాల్ చేరితే పకోడీ, బొల్లారం చేరితే మేకకాళ్ళ పాయా.

“ముందు నువ్వు పోవాలె,” అని ఇవాళ కొత్త పేచీ పెట్టాడు జకర్యా.

“నేనెందుకు?”

“నువ్వు పైలట్ ఇంజనువు. రోజులు బాగలేవని మా బండ్లకు ముందుగాల ఖాళీ ఇంజను నడుపుతుండ్రు కదా, పట్టాలు సక్కగున్నయో లేవో చూడనీకి. అది యాడి దాంక పోతే నా బండి ఆడి దాంకనే పోతది.”

“నా చెయ్యి సంగతి మీకు తెల్వదా?”

తెలియకేం. ప్రేమమణి పిల్లల బడిలో డ్రిల్లు టీచరు. సెప్టెంబరులో విమానాలు వస్తాయని బడి మైదానంలో కందకం తవ్వారు. ఆ కందకంలో బాంబు పడలేదు కాని ప్రేమమణి పడింది, కుడిచెయ్యి విరిగింది. కట్టు విప్పాక చెయ్యి భుజం దాటి లేవలేదు. కసరత్తు చెయ్యమంటే రెండు రోజులు చేసి, నొప్పికి ఏడ్చి, “పిల్లలకు డ్రిల్లు నేర్పేదాన్ని, నాకు నేర్పుతవా” అని అదే డాక్టరుతో తగువు పెట్టుకుని వచ్చేసింది. అప్పటి నుంచి పక్కింటి ఎలీసబెతే ఆమెకు తల దువ్వి కొప్పు చుడుతోంది. కొత్త సంవత్సరం నుంచి వేరే టీచరును పెట్టుకుంటామని బడివాళ్ళు కబురు చేశారు. పోతే పోయిందిలే అని పైకి అంది కాని, పొద్దున బడి గంట వినిపించినప్పుడల్లా ఆమెకు ఏడుపొచ్చేది. ఇప్పుడు మొగుడి ఉద్యోగం కూడా ఊడితే ఇద్దరూ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవలసిందే.

“సరే, తగలెయ్యుండ్రి,” అని ఆమె వచ్చి పక్కన నిలబడింది.

“పక్కన నిలబడితే నాకు సమజ్ కాదు. బడిల పిల్లలకు చూపిచ్చినట్టు ఎదురుంగ నిలబడు టీచరమ్మా.”

ఆయన ఎడమ భుజం గోడ వైపు తిప్పి నిలబడ్డాడు. పిల్లలు ఎడమచెయ్యి ఎత్తాలంటే ఎదురుగా నిలబడ్డ టీచరు కుడిచెయ్యి ఎత్తాలి. ఏళ్ళనాటి అలవాటు కదా, ఆమె కుడిచెయ్యి దానంతటదే గోడ మీదికి పోయింది. భుజంలో కలుక్కుమంది. పళ్ళు బిగబట్టి మల్కాజిగిరికి బెత్తెడు పైకి పాకించి ఆగింది.

“పోయింది ఇంజను. ఇగ రాండ్రి.”

జకర్యా సరిగ్గా అక్కడిదాకా వచ్చాడు. వెంట్రుకవాసి ఎక్కువ పోలేదు.

నవంబరంతా ఇదే రైలు. ఒకనాడు సిగ్నల్ పడలేదన్నాడు. ఒకనాడు గేటు వెయ్యలేదన్నాడు. ఇంకోనాడు అల్వాల్ దగ్గర పట్టాల మీద బర్రె పడుకుందన్నాడు. ప్రతిసారీ ఇంజను మళ్ళీ పోయి చూసి రావలసిందే. ఇంత బద్ధకస్తుణ్ణి కట్టుకున్నందుకు తనను తాను తిట్టుకుంటూ, ఆ కోపంలో నొప్పి కూడా మరచి, ఆమె చెయ్యి పాకించేది.

డిసెంబరులో ఒకనాడు ఆమె ఓపిక నశించింది. వేళ్ళు గోడ వెంట దడదడా పోనిచ్చి తలపై గీతను గట్టిగా తట్టింది.

“ఇగో బొల్లారం. బర్రె లేదు, గొర్రె లేదు. ఇగ మీకేం రోగం?”

జకర్యా ఆ గీత వంకే చూస్తూ నిలబడిపోయాడు. తన బండి మాత్రం అల్వాల్ దాటలేదు. అయినా సిగ్గులేకుండా ఆ పూటే పాయా తెచ్చి పొయ్యి మీద పెట్టాడు. పని దొంగకు తిండి యావ ఒకటి అని ప్రేమమణి మూతి ముడుచుకుంది.

క్రిస్మస్ ముందు జకర్యా చెయ్యి పరీక్ష రోజు, ఎలీసబెతు వచ్చేదాకా ఆగితే ఆలస్యమవుతుందని, ప్రేమమణి హడావిడిగా తల దువ్వుకుని కొప్పు చుట్టుకుని మొగుణ్ణి ఆసుపత్రికి లాక్కుపోయింది. డాక్టరు ఎదుట పడడం ఆమెకు మహా ఇబ్బందిగా ఉంది. ఆయన మాత్రం పాత తగువు ఎత్తలేదు.

“ఏది జకర్యా, చెయ్యి ఎత్తు,” అన్నాడు.

జకర్యా చెయ్యి మూలుగుతూ లేచి, మల్కాజిగిరి దగ్గర ఆగిపోయింది.

ప్రేమమణి కోపంతో చివాలున లేచింది. పోయి మొగుడి ఎదురుగా నిలబడింది.

“ఇంట్ల అల్వాల్ దాంక పోయిన చెయ్యి ఈడికొచ్చి ఆగుతదా? నా పానం తోడేస్తుండ్రు గదా. బొల్లారం దాంక ఎత్తుండ్రి. గిట్ల,” అంటూ కుడిచెయ్యి చెవికి ఆనేలా ఎత్తి చూపించింది.

జకర్యా తన చెయ్యి దించేసి, నవ్వు ఆపుకుంటూ పక్కకు జరిగాడు. డాక్టరు కుర్చీలోంచి లేచి ఆమె దగ్గరికి వచ్చాడు.

“దించకు తల్లీ, మొదట్నుంచీ పరీక్ష నీదే.”