పగడాలకు ఏ వెలుగు?

"ఈ ఒక్కసారి చూస్త అత్తమ్మా. కొత్త ట్యూబులైట్లు ఏసినంక కూడ ఈ పగడాలు కోలుకోకుంటే నా చేతులతోనే తొట్టి తీసేస్త. ఒట్టు!"

అనేసింది స్రవ్య. ఆ మొఘల్‌పురా ఇంట్లో విమలాదేవి ముందు అన్న మాటను వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు.

"నువ్వే అన్నవ్, యాదుంచుకో" అంది అత్తగారు. "పగడమంటే ఉంగరంల పెట్టుకుంటరు గానీ ఉప్పునీళ్లల్ల పెంచుతరా ఎవరన్న? హాల్ల సగం జాగ అదే తిన్నది."

ఉంగరంలో పెట్టుకునేది రాయి. స్రవ్య తొట్టిలో ఉన్నవి ప్రాణమున్న పగడాలు. గోరంత ముక్కలు తెచ్చి అరచేయంత చేసుకుంది. అలాంటివి కొంతకాలంగా ముడుచుకుపోతున్నాయి. ఊదారంగుది బూడిదలా అయింది, ఆకుపచ్చది పాలిపోయింది. నీళ్లు పరీక్షించింది, ఉప్పు కొలిచింది, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇక మిగిలింది వెలుగొక్కటే. చెట్టుకు ఎండ ఎలాగో వీటికి పైన వెలిగే లైటు అలాగ, తిండి దాంట్లోంచే రావాలి.

ఇంట్లో ఆమె పక్షాన ఉన్నది మామగారు పురుషోత్తం ఒక్కడే. పత్తర్‌గట్టిలో చీరల దుకాణం నడిపీ నడిపీ, ఈమధ్యే దాన్ని కొడుకు చేతికిచ్చి ఇంటిపట్టున ఉంటున్నాడు. పగడాలు పాలిపోతుంటే కోడలికంటే ఆయనకే ఎక్కువ దిగులు.

"మంచిది చూసి తే బిడ్డా. రంగు పోతే మాలు పోయినట్టే" అన్నాడు.

సంతోష్‌నగర్‌లో చేపల తొట్ల దుకాణం నడిపే ఇశ్రాయేలు ఆమె అడిగింది విని నవ్వాడు.

"ఇంకా ట్యూబులేంది మేడం? అందరు ఎల్‌ఈడీకి మారిన్రు."

"మారనీ అన్నా. నా దగ్గరున్న ఎల్‌ఈడీ ఒక్క దిక్కే కొట్టింది, పక్కకు నీడ పడ్డది. అందుకే తీసేసిన. ట్యూబైతే తొట్టి అంతట సమానంగ పడ్తది."

"అయితే ఇది తీస్కపోండ్రి. పూరా నీలం. ఏస్తే పగడాలు గిట్ల మెరుస్తయ్, షాదీఖానల లైటింగ్ లెక్క!"

"మెరుసుడు కాదన్నా, పెరగాలె. రెండు నీలం ఇయ్యి, రెండు తెల్లయి ఇయ్యి. తెల్లది కూడ ఇంట్ల ఏసుకునే రకం వద్దు. పదివేల కెల్విన్‌ది కావాలె, జర నీలం కలిసిన తెలుపు."

"అది లేదు మేడం. ఆరువేల అయిదొందలది ఉంది. ఫరక్ ఏం తెల్వది."

"నాకు తెల్వకపోతదేమో, వాటికి తెలుస్తది. తెప్పియ్యి."

"చెన్నై నుంచి రావాలె. మస్తు లేటైతది."

"రానీ. నువ్వు ఫోన్ చేసేదాక నేనీడికెళ్లి కదల."

స్రవ్య స్టూలు లాక్కుని కూర్చుంది. ఇశ్రాయేలు తల గోక్కుని, ఈమెతో అయ్యే పని కాదని చెన్నైకి ఫోన్ కలిపాడు.

ట్యూబులు వచ్చాయి. పాత మూత విప్పి, నాలుగింటినీ తనే బిగించింది. స్విచ్ వేయగానే తొట్టి అడుగున ఇసుక రేణువులు కూడా లెక్కపెట్టేటంత వెలుగు పరుచుకుంది. ఆమెకు ఏడుపొచ్చినంత సంతోషం కలిగింది.

రోజూ పొద్దున లైట్లు వేసి ఆఫీసుకు పోయేది. "నువ్వు ఫికర్ చెయ్యకు బిడ్డా, నేనున్న గద" అనేవాడు పురుషోత్తం. సాయంత్రం భుజాన బ్యాగు దించకుండానే తొట్టి ముందు వాలేది. లైట్లు దేదీప్యమానంగా వెలుగుతుండేవి. పగడాలు మాత్రం ముడుచుకునే ఉండేవి.

ట్యూబులను కాస్త కిందికి దించింది. తెల్లవి ముందుకు, నీలంవి వెనక్కి మార్చింది. ఆదివారాలు ఒక పక్క కొంచెం విచ్చుకున్నట్టు అనిపించేది, మళ్లీ వారం తిరిగేసరికి మామూలే. తన కళ్లే తనను మాయ చేస్తున్నాయేమో అనుకుంది. ఇశ్రాయేలుకు ఫోన్ మీద ఫోన్ చేసింది. అతనూ చేతులెత్తేశాడు.

చివరికి ఆకుపచ్చది కూడా సున్నం ముక్కలా తెల్లబడిపోయింది.

స్రవ్య కొంగు బిగించి బకెట్ తెచ్చింది. అది చూసి విమలాదేవికే మనసు ఆగలేదు.

"పోనీలే పిల్లా, ఇంకొన్నొద్దులు చూడరాదు? నేనేమన్న గడువు పెట్టిన్నా?"

"మాటంటే మాటే అత్తమ్మా. బతికియ్యలేనోళ్లకు పెంచే హక్కు లేదు."

నీళ్లన్నీ తోడేసింది. పగడాల మధ్య తిరిగే నాలుగు చేపలను ఇశ్రాయేలుకు పంపేసింది. ట్యూబులు విప్పి గోడకు ఆనించింది. ఖాళీ అద్దాల తొట్టి పక్కన కూలబడి, అప్పటిదాకా పళ్లబిగువున ఆపుకున్న ఏడుపంతా ఏడ్చేసింది.

పురుషోత్తం వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయన కళ్లూ తడిగానే ఉన్నాయి. కోడలి తల మీద చెయ్యి వేసి ఓదార్చాడు.

"నీ కోషిష్‌ల లోపం లేదు బిడ్డా, మా కోషిష్‌ల లేదు. దినమంత లైటు తగిలితే పట్టుచీర రంగే ఎలిసిపోతది, ఇవెంత అని, నువ్వు ఆఫీసుకు పోంగనే రోజు లైట్లు బంద్ జేసి, మందం దుప్పటి కప్పి, నువ్వొచ్చే యాళ్లకు తీస్తుంటిమి... ఈ కొస నేను, ఆ కొస మీ అత్త."