రాణి గౌను ఎడమ భుజం

ముందుగా నా తప్పుల సంగతి. అరవై దాటాక పలక పట్టినదాన్ని. ఒత్తు ఒకచోట పెట్టబోయి ఇంకోచోట పెడతాను. ఈ కాస్త రాయడానికి పన్నెండు రోజులు పట్టింది. మన్నించి చదువుకోండి.

నాటకం రెండో అంకంలో ఓడ వెళ్లిపోతుంది. దీపాలు ఆరిపోతాయి. వాద్యాలన్నీ ఆగిపోతాయి.

ఆ చీకట్లో రాణి ఒక్కతే నిలబడి పాట ఎత్తుకోవాలి.

శ్రుతి ఇచ్చేవాళ్లు ఉండరు. నాలుగు పాదాలు అయ్యాక పియానో వచ్చి కలుస్తుంది. అప్పటికి గొంతు ఒక్క మెట్టు అటూ ఇటూ ఉన్నా హాలంతటికీ తెలిసిపోతుంది.

పదకొండేళ్లుగా ఆ వేషం కడుతున్న ఆమెని అందరూ రాణమ్మ అనే పిలిచేవారు. ఒక్క ఆటలోనూ ఆమె శ్రుతి తప్పలేదు. అది ఆమె రక్తంలోనే ఉందని పేపర్లో రాశారు. ఎడమ భుజం వాల్చి నిలబడే తీరులోనే దుఃఖమంతా ఉందని కూడా రాశారు.

భుజం సంగతి రాణమ్మకి తెలుసు. గౌను ఎడమ భుజంలో గుప్పెడు దూది కుట్టి ఉంది. అది ఎత్తుగా కనబడకూడదంటే భుజం వాల్చక తప్పదు.

తీసెయ్యమని బట్టల పిన్నిని రెండుసార్లు అడిగింది.

"ఉండనీమ్మా. తీస్తే ఆ గౌను నన్ను తిట్టుకుంటుంది," అంది పిన్ని.

నాటకాల కంపెనీ దుస్తులకి కుట్లు వేసి, ఇస్త్రీ చేసి, వేషగాళ్లకి తొడిగే ముసలామె బట్టల పిన్ని. కొలత టేపు ఎడమ భుజాన వేసుకునేది. అది జారేది. ఎగదోసుకునేది. మళ్లీ జారేది. "టేపుకి కూడా నేనంటే లోకువే," అని తనే నవ్వుకునేది.

రాణమ్మ గదిలో ఒక కుర్చీ, ఒక కంచం, ఒక గ్లాసు. ఇంటి తలుపు తీసేవాళ్లు లేరు, ఎందుకు ఆలస్యమైందని అడిగేవాళ్లు లేరు. "తిన్నావా అమ్మా?" అని రోజూ అడిగేది పిన్ని ఒక్కతే. రాణమ్మ తిన్నాననో లేదనో చెప్పేది. నువ్వు తిన్నావా అని తిరిగి అడగాలని ఎప్పుడూ తోచలేదు.

ఆ ఏడు ఒకరోజు కంపెనీ ఓనరు మధ్యాహ్నం ఆటకి వస్తున్నాడన్నారు. గుంపులో పాడే కొత్త పిల్ల రాణి పాటలన్నీ నేర్చేసుకుందట. వేషం ఎవరిదో ఆ ఆటతో తేలిపోతుందట.



ఓడ వెళ్లేలోగా గౌను మార్చాలి. పక్క తెర చాటున, చీకట్లో, ముప్పై లెక్కపెట్టేంతలో మార్చాలి. పిన్ని ఎప్పటిలాగే గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని వెనక హుక్కులు పెడుతూ ముక్కుతో ఏదో కూనిరాగం తీయబోయింది.

"చెవిలో దోమలా ఏమిటా గొణుగుడు పిన్నీ? పాడేది నువ్వా నేనా?"

పిన్ని కూనిరాగం ఆపేసింది.

"నువ్వేనమ్మా," అంది.

మిగతా హుక్కులు చప్పుడు లేకుండా పడ్డాయి.

రాణమ్మ వెళ్లి చీకట్లో నిలబడింది. నోరు తెరిచింది. రోజూ అక్కడే ఉండే స్వరం ఆ రోజు లేదు. చీకట్లో గోడ కోసం తడుముకున్నట్టు తడుముకుని ఏదో ఒకటి పట్టుకుంది.

నాలుగు పాదాల తరవాత పియానో వచ్చింది. రెండూ రెండు దార్లలో పోయాయి. హాల్లో ఎవరో దగ్గారు. ఓనరు మూడో అంకం దాకా కూర్చోలేదు.

గొంతు పాడైంది, కొన్నాళ్లు విశ్రాంతి తీసుకొమ్మని స్టేజి మేనేజరు మర్యాదగానే చెప్పాడు.

మూడోనాడు రాణమ్మ తన సామాను తీసుకోవడానికి వెళ్లింది. బట్టల గదిలో ఇస్త్రీపెట్టె చల్లగా ఉంది. పిన్ని ఏదని అడిగింది. ఆట అయిన మర్నాడే సూదుల డబ్బా అప్పగించి వెళ్లిపోయిందన్నాడు మేనేజరు. ఎక్కడికో ఎవరూ అడగలేదట. పేరేమిటంటే అతను బుర్ర గోక్కున్నాడు. రిజిస్టరులో కూడా బట్టల పిన్ని అనే ఉంది.

కొత్త పిల్లకి గౌను సరిచెయ్యాలి, కుట్టు తెలిసినవాళ్లు లేరు, కాస్త ఆ భుజం విప్పి పెట్టమని అతను రాణమ్మనే అడిగాడు.

ఆమె కత్తెర తీసుకుని కూర్చుంది. కుట్టు గట్టిది, ఎన్నోసార్లు మీద మీద వేసింది. అటుగా వచ్చిన పియానో మాస్టారు గౌను చూసి ఆగాడు.

"విప్పేస్తున్నావా అమ్మాయ్? మొదటి రాణికి కుట్టిన గౌను అది. నేను చేరేసరికే ఆవిడ లేదు. మా పెద్ద మాస్టారు చెప్పేవాడు, ఈ పాట ఆవిడ కోసమే కట్టాడట."

"ఈ దూది ఎందుకు మాస్టారూ?"

"ఆవిడకి పుట్టుకతోనే ఎడమ భుజం జారి ఉండేదట. సమంగా కనబడాలని పెట్టారు. శ్రుతి మాత్రం తప్పేది కాదట. స్టేజి ఎక్కేముందు పక్క తెర చాటున ముక్కుతో మొదటి స్వరం పట్టుకుని వెళ్లేదట. తరవాత జబ్బుచేసి గొంతు పోయింది. ఎటు పోయిందో పాపం."

మాస్టారు వెళ్లిపోయాడు.

రాణమ్మ దూది అరచేతిలో పెట్టుకుంది. పదకొండేళ్లలో ఒక్కరోజు కూడా పిన్ని ఎడమ భుజం మీద టేపు నిలవలేదు.

— మేడమీది అత్తయ్య, అరవై తొమ్మిదేళ్లు, మెట్లు ఎక్కగానే కుడివైపు గది