విస్తట్లో మిగిలిన పచ్చ

ఒక పెరట్లో కరివేపాకు మొక్క ఉండేది. దాని లేత రెమ్మకి పక్కనున్న ఎర్ర మందారాన్ని చూస్తే ఒకటే కుళ్లు.

"సూరీడు తాతా, దానికి ఎరుపు ఇచ్చి నాకీ పచ్చ రంగు అంటగట్టావేం?" అని ఒక పొద్దున నిలదీసింది.

సూర్యుడు నవ్వాడు. "నేను అందరికీ ఒకే భోజనం వడ్డిస్తాను మనవరాలా. నా వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి. నువ్వు ఎరుపూ నీలమూ ఆవురావురుమని తిని, ఆ బలంతోనే గాలినీ నీటినీ కలిపి తిండి వండుకుంటావు. పచ్చని మాత్రం చాలావరకు విస్తరి పక్కకి నెట్టేస్తావు. చూసేవాళ్లకి కనిపించేది నువ్వు వదిలేసిందే."

"అంటే మనుషులు పులుసులోంచి నన్ను ఏరి పారేసినట్టా!" రెమ్మకి రోషం వచ్చింది. "అయితే ఇవాళ్టి నుంచి పచ్చ కూడా మిగల్చను. మొత్తం ఊడ్చుకు తినేస్తాను. ఏ రంగూ మిగలక నల్లగా ఉంటే ఉంటాను!"

"అక్కా, అక్కా, కాస్త ఆగు!" ఆకు మీంచి సన్నని గొంతు వినిపించింది. అది పచ్చటి మిడత పిల్ల. "గోడ మీద గోరింక వాలింది చూడు!"

గోరింక మెడ సాచి ఆకులన్నీ వెతికింది. పచ్చలో పచ్చ కలిసిపోయి, మిడత ఎక్కడుందో దానికి అంతుపట్టలేదు. "ఛీ, ఉత్త ఆకులే!" అని ఎగిరిపోయింది.

మిడత ఊపిరి పీల్చుకుంది. "ఇప్పుడు తినెయ్యక్కా, కావాలంటే."

రెమ్మ కాసేపు గాలికి ఊగింది.

"వద్దులేవే. నాకు కడుపు నిండింది" అంది.