ఆగిన రైల్లో దీపాలు

రైలు స్టేషన్లో ఆగింది. పెట్టెల్లో దీపాలు ఆరిపోయాయి.

ముందు బెంచీ మీద కూర్చున్న ఆవిడ చటుక్కున లేచి నిలబడింది.

నిజానికి అది బొమ్మ రైలు. లైబ్రరీ మేడ మీది హాల్లో, పెద్ద బల్ల మీద పరిచిన పట్టాలు, మూరెడు వంతెనలు, అరచేతిలో పట్టే స్టేషను. రిటైరైన డ్రాయింగు మాస్టారు ఏళ్ళ తరబడి కూర్చుకున్న లోకమది. ఆదివారం మధ్యాహ్నాలు కిటికీలకు నల్లటి పరదాలు దించి, పిల్లలకు రైలు నడిపి చూపించేవాడు. చీకట్లో వెలుగుతూ పెట్టెలు కదిలితే పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళు.

ఆవిడకు అరవై దాటి ఉంటాయి. ఏ పిల్లలనూ వెంటబెట్టుకుని రాదు. ఒక్కతే వస్తుంది.

రైలు మళ్ళీ కదిలి దీపాలు వెలిగాకే కూర్చుంది.

అందరూ వెళ్ళాక మాస్టారి దగ్గరికి వచ్చింది.

“ఆగినప్పుడు దీపాలు ఆరకుండా చెయ్యలేరాండీ?”

“కుదరదమ్మా. ఇంజనుకైనా దీపాలకైనా కరెంటు ఆ పట్టాల్లోంచే రావాలి. కరెంటు తీస్తేనే రైలు ఆగుతుంది. దాంతోపాటే దీపాలూ పోతాయి.”

“లోపల మనుషులున్నారు కదండీ.”

మాస్టారు నవ్వాడు. “ప్లాస్టిక్ మనుషులమ్మా! వాళ్ళకి చీకటంటే భయమేంటి?”

ఆవిడ నవ్వలేదు.

మరుసటి ఆదివారం అదే ప్రశ్న. ఆ పై ఆదివారమూ అదే. ఈసారి పిల్లలు కూడా అందుకున్నారు.

“అవును తాతా! ఆరిపోకుండా పెట్టు తాతా!”

మాస్టారికి పౌరుషం పొడుచుకొచ్చింది.

ఆయన కూతురు ఎలక్ట్రికల్ ఇంజనీరు. ఒక్కమాట అడిగితే సరిపోయేది. అడగలేదు. ఈ మాత్రం నాకు తెలీదా అనుకుని, దీపాల కోసమని ఇంకో అడాప్టరు కొనుక్కొచ్చి అవే పట్టాలకు తగిలించాడు.

ఆదివారం వచ్చింది. రైలు స్టేషన్ దగ్గర వేగం తగ్గించుకుంటోంది. బల్ల కింద చిటపటమని చప్పుడు. కాలిన వాసన. గుప్పున పొగ.

మెయిన్ పడిపోయింది. హాలంతా చిమ్మచీకటి.

పిల్లలు కెవ్వుమన్నారు. బెంచీలు దబదబా పడ్డాయి. అంతా ఒక్కసారిగా మెట్ల వైపు ఎగబడబోయారు.

“ఆగండి!”

ఆవిడ గొంతు. అరుపు కాదు. కానీ అందరికీ వినిపించింది.

“ఎక్కడివాళ్ళక్కడే నిలబడండి. ముందున్నవాళ్ళ భుజం మీద చెయ్యి వెయ్యండి. ఆఁ, అంతే. ఇప్పుడు నా గొంతు వినపడేవైపు నడవండి. తోసుకోవద్దు నాన్నా, అందరం వెళ్తాం.”

పిల్లలు ఒకరి వెనక ఒకరు మెట్లు దిగారు. ఒక్కరికీ చిన్న గీత కూడా పడలేదు. అందరికన్నా ఆఖరున ఆవిడ దిగింది.

కింద తల్లిదండ్రులు మాస్టారి వైపు కొరకొరా చూస్తున్నారు. ఆ చూపులు తట్టుకోలేక ఆవిడ మీద విరుచుకుపడ్డాడు.

“అంతా మీవల్లే! దీపాలు, దీపాలు అని నా ప్రాణం తోడేశారు. ఇంకెప్పుడూ ఇటు రాకండి!”

ఆవిడ పక్కనున్న పాపకు చెప్పు పట్టీ ఊడిపోతే వంగి పెట్టి, వెళ్ళిపోయింది.

సాయంత్రం కూతురు కాలిన అడాప్టరు చూసి తల పట్టుకుంది.

“ఒకే పట్టాలకి రెండు అడాప్టర్లా నాన్నా! ఒకదాని మీద ఒకటి పోట్లాడుకోవూ? లైబ్రరీ తగలబడలేదు, అదే పదివేలు.”

“అయితే తప్పు నాదేనంటావు.”

“ఆవిడది మాత్రం కాదు.”

మాస్టారు కాలిన అడాప్టరును పక్కన పెట్టాడు.

“ఆవిడ అడిగింది అసలు అయ్యే పనేనా?”

“ఎందుకు కాదూ? పట్టాలకి ఒక్కటే అడాప్టరు. కరెంటు ఎప్పుడూ ఉంటుంది. నడవాలా, ఆగాలా అన్నది ఇంజన్లో పెట్టిన చిప్పు చూసుకుంటుంది. పెట్టెల్లో చిన్న ఎల్ఈడీలు వేద్దాం. ఎక్కడ షార్టయినా టక్కున కరెంటు కట్టయ్యేలా బ్రేకరు పెడదాం.”

తండ్రీ కూతుళ్ళు ఇంజను విప్పారు, పెట్టెలు విప్పారు. ఒక్కో వైరూ తడిమి చూసుకుంటూ అన్నీ మళ్ళీ బిగించారు.

మరుసటి ఆదివారం రైలు స్టేషన్లో ఆగింది. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు.

మాస్టారు ముందు బెంచీ వైపు చూశాడు. ఆవిడ లేదు.

“వస్తారులే నాన్నా.”

“రావద్దన్నాను కదే, అందరి ముందూ.”

కొన్నాళ్ళకు ఓ పెద్దాయన మెట్లెక్కి వచ్చాడు.

“మా అక్క ఆదివారాలు ఒక్కతే ఇక్కడికి వస్తూండేదండీ. ఈ మధ్యే పోయింది. మీ రైలు గురించి చెప్పేది. ఒకసారి చూసి పోదామని.”

మాస్టారు పరదాలు దించి, ఆయన ఒక్కడి కోసం రైలు నడిపాడు. స్టేషన్లో ఆపాడు. వెలుగుతున్న కిటికీల వైపు చూస్తూ పెద్దాయన కళ్ళొత్తుకున్నాడు.

“ఆవిడ ఏం చేసేవారండీ?”

“రైల్వేలో గార్డు. ఒకసారి సొరంగంలో ఇంజనుకు మంటలంటుకుని రైలు ఆగిపోయింది. పెట్టెల్లో దీపాలు పోయాయి. ఒకటే పొగ. అక్క అన్నిటికన్నా వెనకున్న తన పెట్టె దిగి, ఒక్కో పెట్టె తలుపూ తీస్తూ, ఆ చీకట్లో జనాన్ని బయటికి నడిపించింది. వందల మంది బతికారు. ఇంజను పక్కనున్న మొదటి పెట్టె దగ్గరికి చేరేసరికే చెయ్యి దాటిపోయింది.”

“పాపం, ఒక్క మనిషి ఎంతమందిని కాపాడగలదండీ!” అన్నాడు మాస్టారు.

పెద్దాయన రైలు మీంచి చూపు తిప్పుకోలేదు.

“ఆ మొదటి పెట్టెలో తన కూతురుందని అక్కకి తెలుసండీ. అయినా మధ్యలో ఒక్క పెట్టెనీ వదిలేసి ముందుకు పరిగెత్తలేదు.”